పని చూసినవాళ్లెవరు? లాక్‌డౌన్‌లో దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒక ఏసీ ఇంజినీరు కేసు

2020 జులై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. "మేడం, ఒక్క నిమిషం, డాబా మీదికి పోయి మాట్లాడుత" అన్నాడు. మెట్లెక్కుతున్న చప్పుడు, ఆయాసం వినిపించాయి. తర్వాత మాట స్పష్టంగా వచ్చింది. "మూడు వందల మందికి రెజ్యూమే పంపిన మేడం. నలుగురే జవాబిచ్చిన్రు. నలుగురూ మాకే పని లేదన్నరు."

నేను హైదరాబాద్‌లో 2009 నుంచి కెరీర్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఆ మొదటి లాక్‌డౌన్ నెలల్లో నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఈ ఒక్కటే పూర్తిగా రాయాలనిపించింది. ఇందులో నేను నేర్చుకున్నది ఎక్కువ, తప్పు చేసిందీ ఉంది. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, ఇంజినీరు అనే అంటాను.

వయసు 36. జగిత్యాల దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా. 2009లో ఏసీ టెక్నీషియన్‌గా దుబాయ్ వెళ్లి, పదకొండేళ్లలో సైట్ ఇంజినీరు స్థాయికి ఎదిగాడు. ఆయన కంపెనీ పని హోటళ్లు, మాల్స్‌లో సెంట్రల్ ఏసీ నిర్వహణ. మార్చిలో టూరిస్టులు ఆగిపోయారు. ఏప్రిల్‌లో సగం జీతం, మే నెలలో ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాక పేరు నమోదు చేసుకుని, జూన్‌లో సీటు దొరికి హైదరాబాద్‌లో దిగాడు. ఏడు రోజులు హోటల్ క్వారంటైన్, ఏడు రోజులు ఇంట్లో వేరే గది. గదిలోంచి బయటికొచ్చిన రోజు నుంచే రెజ్యూమే పంపడం మొదలుపెట్టాడు.

అందరూ ఒకే పడవలో

ఆ మూడు వందల మంది ఎవరో చూపించమన్నాను. వాట్సాప్‌లో తొమ్మిది గ్రూపులు. ఊరి గల్ఫ్ గ్రూపు, మండలం గ్రూపు, దుబాయ్‌లో క్యాంపు గ్రూపు, పాత కంపెనీవాళ్ల గ్రూపులు రెండు, బంధువులవి మూడు, డిప్లొమా బ్యాచ్‌ది ఒకటి. స్క్రీన్ మీద వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూస్తుంటే అసలు చిక్కు కనబడింది. డిప్లొమా బ్యాచ్ తప్ప మిగతా అన్ని గ్రూపుల్లో ఉన్నవాళ్లంతా ఒకే దారిన వెళ్లినవాళ్లు, ఒకే రకం పని చేసినవాళ్లు, ఒకే నెలలో ఇంటికొచ్చినవాళ్లు.

మన దగ్గర గల్ఫ్ ఉద్యోగం చుట్టం ద్వారానో, ఊరివాడి ద్వారానో వస్తుంది. బావ వెళ్తాడు, బామ్మర్దిని పిలుస్తాడు, బామ్మర్ది పక్కింటి పిల్లవాణ్ని తీసుకెళ్తాడు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్లకు ఊళ్లు అలా వెళ్లాయి. ఆ బంధం ఎంత గట్టిదంటే, క్యాంపులో ఒకరికి జ్వరమొస్తే పదిమంది నిద్రపోరు. కానీ అంత గట్టి బంధంలో అందరికీ తెలిసినది ఒక్కటే లోకం. అది మూతపడితే అందరికీ ఒకేసారి మూతపడుతుంది. ఆయన ఎవరినైతే ఉద్యోగం అడిగాడో, వాళ్లంతా అదే వారం అదే రెజ్యూమే పట్టుకుని ఆయన్నే అడుగుతున్నారు.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చయిన తన వ్యాసంలో దీన్నే మరో వైపు నుంచి చెప్పాడు. పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మాట చేరవేసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచూ కలిసే మనిషి అన్నవాళ్లు 100కి 17 మందే. సగానికి పైగా అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా, మిగతావాళ్లు అరుదుగా కలిసేవారి ద్వారా తెలుసుకున్నారు. దగ్గరివాళ్లకు మనమీద ప్రేమ ఎక్కువ. దూరంవాళ్లకు మనకు తెలియని చోట్ల కబుర్లు తెలుసు. ఇది నేను ఏళ్లుగా క్లాసుల్లో చెబుతున్న మాటే. కానీ 256 మంది ఉన్న గ్రూపులో ఒక్కరికీ పని లేకపోవడం కళ్లతో చూసిన రోజు దాని బరువు తెలిసింది.

పాత ఫొటోల్లోంచి పేర్లు

ఉద్యోగం అడగడం వారం పాటు ఆపేయమన్నాను. ఆయనకు కష్టంగా అనిపించింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు కిస్తీ ఉంది. "ఆగుడంటే ఎట్ల మేడం?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

ఆ వారం చేయమన్న పని ఒక్కటే. ఫోన్‌లో, పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న సైట్ ఫొటోలు, కమిషనింగ్ రిపోర్టులు (కొత్త ఏసీని పరీక్షించి నడిపించినప్పుడు రాసేవి) తీసి, వాటిలో కనిపించే ప్రతి మనిషి పేరూ ఒక నోట్‌బుక్‌లో రాయడం. ఎంత పెద్ద హోదానో, ఎంత దగ్గరివాళ్లో చూడొద్దన్నాను. ఒకే ప్రశ్న వేసుకోమన్నాను: నా పని కళ్లారా చూసినవాళ్లెవరు?

63 పేర్లు వచ్చాయి. వాటిలో 40కి పైగా ఆయన మూడు వందల జాబితాలో లేనే లేవు. చిల్లర్ (సెంట్రల్ ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) కంపెనీ నుంచి సర్వీస్‌కు వచ్చిన కేరళ మనిషి, కన్సల్టెంట్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఫిలిప్పీన్స్ ఆవిడ, డక్ట్ (ఏసీ గాలి గొట్టాలు) పని కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేసి 2017లో హైదరాబాద్ తిరిగొచ్చిన సంగారెడ్డి మనిషి. వీళ్లెవరూ ఊరివాళ్లు కాదు, చుట్టాలు కాదు, పండక్కి ఫోన్ చేసుకునే స్నేహం కాదు. కానీ ఏసీ ఆగిపోయిన రాత్రి పక్కన నిలబడి చూసినవాళ్లు. ఆయన పని ఎలాంటిదో వాళ్లకు రెజ్యూమే చెప్పనక్కర్లేదు.

తర్వాత సందేశం దగ్గరకొచ్చాం. ఆయన అప్పటిదాకా పంపినది "డియర్ సర్" తో మొదలై, పదకొండేళ్ల అనుభవం, దయచేసి పరిశీలించగలరు, కింద పీడీఎఫ్. దానికి జవాబివ్వాలంటే అవతలి మనిషి చేతిలో ఉద్యోగం ఉండాలి. లేకపోతే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటాడు. ఆ మౌనంలో అగౌరవం లేదు, ఇబ్బంది ఉంది. కాబట్టి ఎవరైనా రెండు నిమిషాల్లో, మొహమాటం లేకుండా జవాబివ్వగల ప్రశ్న కావాలి.

ఆ సంగారెడ్డి మనిషికి ఆయన రాసిన సందేశాన్ని మూడుసార్లు తిరగరాశాం. చివరికి ఆయన మాటల్లోనే ఉంచేశాను:

"అన్నా, బాగున్నరా? ఇంట్ల అందరు ఆరోగ్యంగ ఉన్నరా? 2016ల మాల్ సైట్‌ల బేస్‌మెంట్ డక్ట్‌కు నీళ్లు కారితే రెండు రాత్రులు కలిసి పని చేసినం, యాదికుందా? నేను జూన్ల ఇంటికొచ్చిన. మీరు ఫార్మా ప్లాంట్ల పని చేస్తున్నరని తెలిసింది. హోటల్ ఏసీ తెలిసినోడు ఫార్మాకు రావాలంటే ముందుగాల ఏం నేర్చుకోవాలె? తీరినప్పుడు ఒక వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు."

రెజ్యూమే జత చేయలేదు. ఉద్యోగం మాట లేదు. "ఆరోగ్యంగ ఉన్నరా" అన్నది మామూలు రోజుల్లో మర్యాద కోసం అనే మాట. 2020 జులైలో అది నిజంగా అడిగే ప్రశ్న. నాలుగేళ్లు మాట్లాడని మనిషికి ఉన్నట్టుండి ఫోన్ చేస్తే మామూలుగా "ఏదో పని పడ్డట్టుంది" అనుకుంటారు. ఆ నెలల్లో మాత్రం ఎవరూ అలా అనుకోలేదు. అందరూ పాతవాళ్లను తలుచుకుంటూనే ఉన్నారు. ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోవడం నేను ఆ ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్

జవాబు ఆ రాత్రి పదిన్నరకు వచ్చింది. ఇంజినీరు దాన్ని నాకు పంపాడు. వెనకాల ఎక్కడో కుక్కర్ విజిల్, చిన్న పిల్లవాడి ఏడుపు, మధ్యలో ఈ గొంతు: "తమ్మీ, ఫార్మాల చల్లదనం కాదు చూసేది, ప్రెజర్ చూస్తరు. గోడకు ప్రెజర్ తేడా చూపే మ్యాగ్నహెలిక్ గేజ్ ఉంటది, గదికి గదికి నడుమ పది పదిహేను పాస్కల్ తేడా ఉండాలె. స్టెరైల్ గదిల గాలి బయటికి తోయాలె, పౌడర్ గదిల లోపటికి గుంజాలె. ఇగ ఇంకోటి, రాయని పని చేయని పని కిందనే లెక్క. నువ్వు ఎంత మంచిగ చేసినా కాయితం లేకుంటే ఆడిటర్ ఒప్పుకోడు."

కోచింగ్ సెంటర్‌కు వెళ్తే నెల రోజులకు తెలిసే సంగతి నాలుగు నిమిషాల్లో వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, ఇంజినీరు ఏం చదవాలో తెలిసింది. గాలిలోని సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ కణాలను 99.97 శాతం ఆపాలి. అందులోంచి గాలి కారుతోందో లేదో పీఏఓ పరీక్షతో, అంటే సన్నటి నూనె తుంపర వదిలి చూస్తారు. గాలి ఏ వైపు పోతోందో పొగ వదిలి వీడియో తీస్తారు. పనిముట్లు చాలావరకు ఆయన చేతికి అలవాటైనవే, లెక్కలూ పేర్లూ మాత్రం కొత్త. రెండు వారాలు డాబా మీద కూర్చుని చదివాడు.

ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టింది ఒకటుంది. విన్న సలహాతో ఏం చేశాడో ఆ సలహా ఇచ్చిన మనిషికి తిరిగి చెప్పాలి. చాలామంది థాంక్స్ పెట్టి ఊరుకుంటారు. ఇంజినీరు పదిరోజుల తర్వాత, ఒక కాగితం మీద మూడు గదులు గీసి, ఏ గదిలో ఎంత ప్రెజర్ ఉండాలో రాసి, ఫొటో తీసి పంపాడు. "ఇది కరెక్టేనా అన్నా?" అని. ఒకచోట తప్పుంది. సంగారెడ్డి మనిషి దిద్ది పంపాడు. ఈసారి వాయిస్ కాదు, ఫోనే చేశాడు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మనిషి ఎదురుగా లేనప్పుడు నమ్మకం ఎలా పుడుతుందని నన్ను అడిగేవాళ్లకు నేను ఈ కాగితం సంగతే చెబుతాను.

గురువారం కాల్

ఆగస్టులో ఇంజినీరే ఒక ఆలోచన తెచ్చాడు. తనలాగే తిరిగొచ్చిన ఏసీ మనుషులు ఇంకో అయిదుగురున్నారు, అందరం వారానికోసారి కలిసి మాట్లాడుకుంటామని. జూమ్ ఉచితంగా ఇచ్చేది 40 నిమిషాలు. ఆ హద్దు మంచిదే అయింది, సోదికి చోటు లేకుండా పోయింది. గురువారం సాయంత్రం ఏడింటికి, వారం వారం ఒకరు తాను కొత్తగా మాట్లాడిన ఒక మనిషి గురించి, విన్న ఒక సంగతి గురించి చెప్పాలి. ఖాళీలు, కన్సల్టెన్సీలు, ఎవరికి ఎంత జీతం అనే మాటలు కాల్ అయ్యాక గ్రూపులో మాట్లాడుకోవాలి.

మిగతా అయిదుగురూ ఇంజినీరులాగే పని చూసినవాళ్ల పేర్లు రాశారు. ఆరుగురి పట్టికలు కలిపితే ఒకరికి తెలియని మనుషులు ఇంకొకరికి తెలుసు. ఆరుగురిదీ ఒకే గల్ఫ్ అయినా, వాళ్ల పని చూసినవాళ్లు వేరు వేరు.

ఏప్రిల్‌లో ఇష్రే సంస్థ, అంటే మన దేశ ఏసీ, రిఫ్రిజరేషన్ ఇంజినీర్ల సంఘం, కోవిడ్ సమయంలో ఏసీలు ఎలా నడపాలో ఒక మార్గదర్శక పత్రం ఇచ్చింది. ఉష్ణోగ్రత 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 40 నుంచి 70 శాతం, బయటి గాలి వీలైనంత ఎక్కువగా, రోగులున్న గదుల్లో గాలిని తిప్పి తిప్పి వాడకుండా బయటికి పంపేయడం. అది ఇంగ్లిష్‌లో ఉంది. ఇంజినీరు దాంట్లోంచి చిన్న నర్సింగ్‌హోమ్‌కు పనికొచ్చేవి ఏరి, తెలుగులో ఒక పేజీ రాశాడు. ఆరుగురూ చర్చించి దిద్దారు. తమకు తెలిసిన ఆసుపత్రి మెయింటెనెన్స్ వాళ్లకు పంపారు.

కరీంనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కోవిడ్ గదిలో గాలి వరండాలోకి వస్తోందని అనుమానం. ఇంజినీరు వీడియో కాల్‌లో తలుపు కింద అగరుబత్తి పెట్టి చూడమన్నాడు. పొగ వరండా వైపే వచ్చింది. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడ బిగించాలో, తలుపు సందులు ఎలా మూయాలో, పక్కన ఎవరి కిటికీ లేకుండా ఎలా చూసుకోవాలో చెప్పాడు. మర్నాడు మళ్లీ అగరుబత్తి పెట్టి వీడియో పంపారు. పొగ గది లోపలికి పోతోంది. ఆ పన్నెండు సెకన్ల వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. సంగారెడ్డి మనిషి జులైలో చెప్పిన "లోపటికి గుంజాలె" అనే మాట అక్కడ నర్సులను కాపాడే పనికి వచ్చింది. దీనికి ఆయన డబ్బు తీసుకోలేదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసివ్వమని అడగమన్నాను. ఇచ్చారు.

జరిగిన తప్పులు

మొదటిది నాది. జులై చివర్లో ఒక పెద్ద వెబినార్‌లో చేరి, చివర్లో కెమెరా ఆన్ చేసి ప్రశ్న అడగమన్నాను. నలుగురి కళ్లల్లో పడతాడని నా ఉద్దేశం. డాబా మీద గాలి, సిగ్నల్ తెగడం, వందల మంది ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడాలన్న టెన్షన్. ప్రశ్న సగంలో ఆగిపోయింది, నిర్వాహకులు తర్వాతి మనిషిని పిలిచారు. ఆయన రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. నగరంలో వైఫై ముందు కూర్చున్న నాకు తోచిన సలహా అది. ఆయన బలం ఒక్క మనిషితో, తన భాషలో, పని గురించి మాట్లాడటం. ఆ తర్వాత వెబినార్లు విన్నాడు, అడగలేదు. వక్తకు మర్నాడు ఒక ప్రశ్న రాసి పంపేవాడు. లింక్డ్‌ఇన్‌లో పరిచయ సందేశానికి అప్పట్లో 300 అక్షరాలే, అందులో పట్టేంత ప్రశ్న. అలా పంపిన వాటిలో కొన్నిటికి మంచి జవాబులొచ్చాయి.

రెండోది ఇంకా గుచ్చుతుంది. సెప్టెంబరులో ఒకాయన వారం దాటినా జవాబివ్వకపోతే, మరోసారి గుర్తు చేయమని నేనే చెప్పాను. అది నా పాత నియమం, వారానికి ఒకసారి గుర్తు చేయడం. ఆ జవాబివ్వనాయన తండ్రి ఆ వారమే వెంటిలేటర్ మీద పోయారు. ఇంజినీరు సందేశం అంత్యక్రియల రోజు చేరింది. తెలిశాక ఇంజినీరు క్షమాపణ అడిగాడు, ఆయన పెద్ద మనసుతో "నీకెట్ల తెలుస్తది" అన్నారు. నియమం మార్చాను. రెండో సందేశానికి ముందు ఆ మనిషి స్టేటస్ చూడాలి, తెలిసినవాళ్లను అడగాలి, అనుమానముంటే ఊరుకోవాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చినప్పుడు నా దగ్గరున్న అందరి కేసుల్లోనూ సందేశాలు పూర్తిగా ఆపించాను. ఆ నెలల్లో ఎవరైనా ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే ఆక్సిజన్ కోసమో, బెడ్ కోసమో చేయాలి.

మూడోది మోసం. హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైందని, సెక్యూరిటీ డిపాజిట్‌గా 15,000 కట్టమని ఒకడు ఫోన్ చేశాడు. ఆరుగురిలో ఒకాయన కట్టేశాడు. గురువారం కాల్‌లో చెప్పడానికి సిగ్గుపడి రెండు వారాలు రాలేదు. ఆయన చెప్పాక తెలిసింది, ఇంకో ఇద్దరికీ అదే నంబరు నుంచి ఫోన్ వచ్చిందని. డబ్బు వెనక్కి రాలేదు.

ఇంటర్వ్యూ, ఆ తర్వాత

సెప్టెంబరు చివర్లో సంగారెడ్డి మనిషి తనంతట తానే ఫోన్ చేశాడు. క్లీన్‌రూమ్ వాలిడేషన్, అంటే మందుల గదుల్లో గాలి లెక్క ప్రకారం ఉందో లేదో పరీక్షించి రాసిచ్చే పని చేసే ఒక కాంట్రాక్టర్‌కు మనుషులు కావాలి. లాక్‌డౌన్‌లోనూ మందుల కంపెనీలు ఆగలేదు, పని పెరిగింది. ఇంటర్వ్యూ టీమ్స్ వీడియో కాల్‌లో. ఈసారి డాబా మీద కాదు, జగిత్యాలలో బావమరిది షాపు వెనక గదిలో, వైర్ ఇంటర్నెట్‌తో కూర్చోబెట్టాం. ప్రెజర్ గురించి అడిగారు. తన చేత్తో గీసిన గదుల కాగితాన్ని కెమెరాకు చూపించి వివరించాడు. దుబాయ్ మాల్స్ గురించి రెండు ప్రశ్నలే వచ్చాయి, కరీంనగర్ ఆసుపత్రి గది గురించి పావుగంట మాట్లాడించారు.

జీతం నెలకు 38,000. దుబాయ్‌లో 5,500 దిర్హాంలు వచ్చేవి, అప్పటి లెక్కలో లక్షకు పైనే. మూడు రోజులు నిద్రపోలేదు. భార్యతో లెక్కేశాడు, నాతోనూ వేశాడు. నేను ఒప్పుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇంట్లో ఉండి పిల్లల ముఖం చూసిన నాలుగు నెలలకు ఆయన ఎంత వెల కట్టుకుంటాడో నాకెలా తెలుస్తుంది? ఒప్పుకున్నాడు. అక్టోబరు 13 వానకు హైదరాబాద్ మునిగింది, చేరాల్సిన రోజు వెనక్కి జరిగింది. 19న పటాన్‌చెరు దగ్గర గది తీసుకుని పనిలో చేరాడు.

మిగతా అయిదుగురి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కేసు సగమే. ఇద్దరిని 2021 జనవరి, ఫిబ్రవరిలో ఇంజినీరే అదే రంగంలోకి తెచ్చాడు. ఒకరు 2021 చివర్లో మళ్లీ దుబాయ్ వెళ్లిపోయారు, పాత కంపెనీకే. డబ్బు పోగొట్టుకున్నాయన మామిడి తోట కౌలుకు తీసుకున్నాడు, ఏసీ పని ఇక వద్దన్నాడు. ఆరో ఆయనకు నేను కేసు ముగించేనాటికీ ఏదీ కుదరలేదు. 51 ఏళ్లు, డిప్లొమా కూడా లేదు, చేతి పని మాత్రం అందరికంటే బాగా వచ్చు. రిపోర్టు రాయడం రాదు. రాయని పని చేయని పని అయ్యే చోట ఆయన చేతులకు చోటు దొరకలేదు. పరిచయాలు ఎంత పెంచినా ఆ గోడ దాటించలేకపోయాను, అది నాకు ఇప్పటికీ బాధే.

గురువారం కాల్ 2022 మార్చి దాకా నడిచింది. ఆ నెలలో ఒక ఆదివారం ఊళ్లో ఉన్న అయిదుగురూ జగిత్యాలలో కలుసుకున్నారు, నన్నూ పిలిచారు. వాళ్లలో ఇద్దరు అప్పటిదాకా ఒకరినొకరు నేరుగా చూసుకోనే లేదు. తోట కౌలుకు తీసుకున్నాయన కాతకొచ్చిన చెట్లు చూపించాడు. సంగారెడ్డి మనిషి కూడా వచ్చాడు, కుక్కర్ విజిల్ వెనక ఏడ్చిన ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకుని. ఆరో ఆయన మధ్యాహ్నమంతా తోటలో పాత మోటారు విప్పి, బేరింగ్ మార్చి, సాయంత్రానికి నీళ్లు పారించాడు.